నాలుగో నిలువు వరస

కురెస్సారె ఆసుపత్రి, రెండో అంతస్తు.
హైనో ఫోను నా చేతిలో ఉంది.
మూడు పేజీలు, అరవై మూడు గుర్తులు,
పోటు తీశాక ఒడ్డున మిగిలిన సామాన్లలా.
"సర్దిపెట్టు మారికా" అన్నాడు,
"సగం ఎవరో ఎత్తుకుపోయారు."

ఎవరూ ఎత్తుకుపోలేదు.
మెదడులో కుడిపక్క గోరంత నెత్తుటిగడ్డ
లోకానికి ఎడమపక్క తెర దించేసింది.
కళ్ళు బాగానే ఉన్నాయి. చూపు అటు పోదు, అంతే.
పళ్ళెంలో కుడివైపు బంగాళాదుంపలు తినేసి
ఆకలి తీరలేదంటాడు.
పళ్ళెం తిప్పి పెడతాను.
"ఇవెక్కడివి?" అని నన్ను అనుమానంగా చూస్తాడు.
గడ్డం సగమే గీసుకుంటాడు.

కిటికీ దగ్గర, ఎడమపక్క కుర్చీలో
లేయిదా స్వెట్టరు అల్లుతూ కూర్చునే ఉంటుంది.
"ఇవాళ కూడా మా ఆవిడ రాలేదు" అని
నాకు చాడీ చెబుతాడు.
ఆవిడ సూదులు ఆగవు.
"నలభై ఏళ్ళుగా ఇంతే" అంటుంది,
"ఇప్పుడు కాగితం మీద రాసిచ్చారు."

కుడిచే చెయ్యి కుడి.
ఎడంగా ఉండేది ఎడమ.
ఈ మాటలు పెట్టినవాళ్ళు
ఇలాంటి రోగిని ఒకణ్ణైనా చూసే ఉంటారు.

పేకముక్కల ఆటలు నాలుగు తీసేశాను.
మూతబడ్డ దుకాణం కూపన్లు తీసేశాను.
దిక్సూచులు మూడున్నాయి,
ఓడ నడిపినవాడికి అన్నెందుకో, అవీ తీసేశాను.
మిగిలినవి ఆరు.
ఆరింటినీ కుడి అంచున, నాలుగో నిలువు వరసలో
ఒకదాని కింద ఒకటి నిలబెట్టాను.
తక్కిన తెరంతా ఖాళీ.
ఆ సంగతి ఆయనకు తెలీదు.
ఖాళీ కూడా కనబడాలి కదా.

వారానికి ఒక గుర్తు, ఒక్క గడి ఎడమకి.
బెదిరిన పిల్లికి పాలగిన్నె
రోజుకో జానెడు జరిపినట్టు.

మొదటి వారం వాతావరణం జరిపాను.
"ఇవాళ వాతావరణం లేదు" అన్నాడు.
బయట మంచు కురుస్తోంది.
కిటికీ కూడా అటువైపే.

రెండో వారం దొరికింది.
మూడో వారం రేడియో పోయింది,
దొరికింది, మళ్ళీ పోయింది.
నా మీద అరిచాడు, ఫోను విసిరాడు,
కుడివైపుకే.
నేను చార్టులో గడులు నింపుకున్నాను.

ఐదో వారం, మంగళవారం, ఆలస్యంగా వెళ్ళాను.
నా వరస చెడిపోయి ఉంది.
ఓడల జాడ చూపించే ఎర్రగుర్తు
మొట్టమొదటి వరసలో, ఎడమ అంచుకి అతుక్కుని.
లేయిదా వైపు చూశాను. తల అడ్డంగా ఊపింది.

"ఎర్రదీపం కుడిపక్క పెడతారా ఎవరైనా!"
హైనో నన్ను తిట్టడం మొదలెట్టాడు.
"విర్త్సు నించి కుయివాస్తుకి ముప్పై రెండేళ్ళు నడిపాను.
ఎరుపు ఎడమ. పచ్చ కుడి.
చీకట్లో ఎదురొచ్చేవాడు ఏమనుకోవాలి?
నేను వెనక్కి పోతున్నాననుకోడూ?"

అంచు తగిలి ఆగేదాకా
వేలితో లాగుతూ పోయాడట, చూడకుండానే.
మెసేజీల పచ్చగుర్తు మాత్రం కుడివైపే ఉంచాడు.
రెంటి మధ్యా ఇక నావేవీ పనికిరావు,
బ్యాంకు, బస్సు వేళలు, రేడియో,
అన్నీ ఓడలో ఎక్కిన ప్రయాణికులు.

"అయితే నన్నూ ఎర్రస్వెట్టరు వేసుకోమంటావా?"
అంది లేయిదా, బూడిదరంగు ఊలు మడుస్తూ.
"ఎవరది?" అన్నాడు హైనో,
తల కొంచెం తిప్పి,
గడియారంలో నిమిషం ముల్లు కదిలినంత.

దీన్ని చార్టులో ఏ గడిలో రాయాలో తెలియలేదు.

బస్టాపులో నా ఫోను తీశాను.
రంగుల వారీగా సర్దుకున్న తెర,
చూసినవాళ్ళు మెచ్చుకుంటారు.
కింద, ఎడమ మూల, ఒక గుర్తు మీద
ఎర్రచుక్కలో నలభై ఒకటి.
ఎన్నాళ్ళుగా ఉందో.
దాన్నే చూస్తున్నాను,
తెరవలేదు,

బస్సు ఎడమవైపు నించి వచ్చి ముందుకెళ్ళిపోతుంటే
చెయ్యెత్తాను.